పరీక్ష కోసం పెట్టిన పేరు

దయ్యాల కథలు దొరికితే వదలకుండా చదివేదాన్ని. హనుమకొండ గ్రంథాలయంలో ఆ బీరువా ముందు నేను నిలబడినంతసేపు ఇంకెవరూ నిలబడి ఉండరు. కానీ పుస్తకం మూసి దీపం ఆర్పితే హాయిగా నిద్రపట్టేది. చదవడం వేరు, నమ్మడం వేరు. డిగ్రీలో లెక్కలు తీసుకున్నాను. ఏ ఫలితం నుంచైనా వెనక్కి నడుచుకుంటూ వెళ్తే కారణం దొరుకుతుందని, దొరకలేదంటే మనం నడిచిన దారే తప్పని నా నమ్మకం.

ఇప్పుడు రాసేదాంట్లో దయ్యం లేదు. చీకటి కూడా లేదు. పట్టపగలు, వానలో తడిసిన గొడుగుల మధ్య, పదిమంది చూస్తుండగా జరిగింది. ఎవరికీ చెడు జరగలేదు. అయినా తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి.

నాకు ఉద్యోగం వచ్చింది ఎనభైల నడుమ. వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం మీద రెండు గదుల్లో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఒక గదిలో ఏసీ, కంప్యూటరు, ప్రింటరు. ఇంకో గదిలో కాగితాల కట్టలు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ "మా బిడ్డది గుళ్లె పనిచేసినట్టే, చెప్పులు ఇడిసి పోతది" అని చెప్పుకునేది.

సెంటర్ యజమాని రాఘవ సార్ హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చారు. పనిచేసేవాళ్లం ఇద్దరం, నేనూ షాకిరా. రోజు మొత్తంలో నేను పది మాటలు మాట్లాడితే ఎక్కువ. షాకిరా నా వాటా కూడా తనే మాట్లాడేది. పైకి అనలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ అలవాటు వల్లే ఈ సంగతికి నా దగ్గర తేదీలతో సహా సాక్ష్యం ఉంది.

ఆ వానాకాలం మాకొక పని వచ్చింది. ఊళ్లోని ఒక నర్సుల శిక్షణ కేంద్రం వాళ్లు రెండువందల పన్నెండు మంది అమ్మాయిలను ఇంటర్వ్యూకు పిలుస్తున్నారు. ఉత్తరాలు మేం అచ్చు వేసి ఇవ్వాలి. ఉత్తరం అందరికీ ఒకటే. మారేవి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు, ఒంటి మీద రెండు గుర్తులు. గుర్తులంటే పుట్టుమచ్చలో, గాట్లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో రాస్తారే, అవి. ఒకరి బదులు ఇంకొకరు వస్తారేమోనని వాళ్ల భయం. గుమస్తా ఉత్తరం చేతిలో పట్టుకుని, మనిషి మీద ఆ గుర్తులు చూసి, సరిపోతేనే లోపలికి పంపుతాడు.

ఉత్తరాన్ని ఖాళీలున్న మూసలాగా ఒక్కసారే రాసి కంప్యూటర్లో పెట్టాం. పేరు రావలసిన చోట ఒక సంకేతం, ఊరు రావలసిన చోట ఇంకొకటి. ఒక్కో సంకేతానికి లోపల ఒక డబ్బా లాంటిది ఉంటుంది. సార్ దాన్ని వేరియబుల్ అనేవారు, షాకిరా డబ్బా అనేది. నాకు డబ్బా అనడమే నచ్చింది. ప్రోగ్రాము ఒక అమ్మాయి వివరాలు తీసి డబ్బాల్లో పోస్తుంది, డబ్బాల్లోంచి తీసి మూసలో పెడుతుంది, ఉత్తరం అచ్చవుతుంది. తరువాత ఇంకో అమ్మాయి.

మొదటిసారి అచ్చేసి చూసినప్పుడు సార్ చదువుతూ చదువుతూ ఆగిపోయారు. వరుసగా ముగ్గురు అమ్మాయిలకు రెండో గుర్తు ఒకటే. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.

"ముగ్గురు అక్కచెల్లెండ్లేమో సార్" అంది షాకిరా.

"ముగ్గురిది మూడు ఊర్లు. ముగ్గురి నాయినలు వేరు" అన్నారు సార్. నవ్వలేదు. ఆ ఉత్తరాలు అలాగే వెళ్తే ఏమవుతుందో మాకు ముగ్గురికీ తెలుసు. చెంప మీద లేని మచ్చ కోసం గుమస్తా వెతుకుతాడు. లేదని ఆ అమ్మాయిని దొంగ అని వెనక్కి పంపుతాడు.

ప్రోగ్రాములో ఆ భాగం రాసింది నేనే. వెతికే పని కూడా నాకే వచ్చింది.

డబ్బాల్లో ఏది ఎక్కడికి కారుతుందో కంటికి కనపడదు. మా మేనమామకు వరి మడులుండేవి. ఒడ్డుకు ఎక్కడ బొక్క పడిందో తెలియకపోతే పై మడిలో మట్టి కలిపి నీళ్లు ఎర్రగా చేసి, కింది మడిలోకి ఎర్రనీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసేవాడు. మా పని కూడా అదే. అసలు అమ్మాయిల నడుమ ఒక కల్పిత అమ్మాయి వివరాలు పెట్టాలి. ఆమె గుర్తు ఇంకెవరికీ లేనిది కావాలి. అది పక్క ఉత్తరంలో తేలితే, ఏ డబ్బా కారుతోందో తెలుస్తుంది.

దీనికి సార్ దగ్గర రెండు నియమాలు ఉండేవి. పరీక్షకు బతికున్న మనిషి పేరు వాడకూడదు. అంతకు ముందెప్పుడో ఒక పరీక్ష కాగితం బయటికి వెళ్లి, ఎవరో పెద్దమనిషి ఇంట్లో లేనిపోని గొడవైందట. రెండోది, పేరు పేరులాగే ఉండాలి. ఎక్స్‌లు వరుసగా కొడితే మూసలో ఎక్కడ ఇరుకో ఎక్కడ వదులో తెలియదు. షాకిరా అయితే సార్ చూడకుండా సినిమా హీరోయిన్ల పేర్లు పెట్టేది. నాకు అది చేతకాలేదు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఈ రోజు ఒక అమ్మాయిని తయారుచేశాను. జినుకల వనమాల. తండ్రి జినుకల ఓదెలు. ఊరు పాలంపేట. పుట్టినరోజు నాకన్నా మూడేళ్ల పదకొండు రోజులు వెనక. పదో తరగతిలో మూడువందల అరవై ఏడు. ఎడమ కనుబొమ్మను రెండుగా కోసిన గాటు. కుడి మోచేతి మీద మచ్చ. పేరు బాగుంది. ఈమెకు తలలో పువ్వులు పెట్టుకునే తీరిక ఉండదనుకుంటా."

ఊరు మాత్రం నిజం. ఏడో తరగతిలో మా బడి వాళ్లు అక్కడి రామప్ప గుడికి తీసుకుపోయారు, అందుకే ఆ ఊరి పేరు తోచింది. మిగతావన్నీ, ఎక్కడినుంచి వచ్చాయంటే, వేళ్లలోంచి వచ్చాయి. అంతే చెప్పగలను. కనుబొమ్మ మీద గాటు ఎందుకంటే, రెండువందల పన్నెండు మందిలో ఇంకెవరికీ అది లేదని వెతికి చూసుకున్నాను.

వనమాలను నూట పద్దెనిమిదో స్థానంలో పెట్టాను. నూట పంతొమ్మిదో అమ్మాయికి రెండో గుర్తు రాయలేదు, ఖాళీ. అచ్చేస్తే ఆమె ఉత్తరంలో వనమాల మోచేతి మచ్చ వచ్చి కూర్చుంది. అప్పుడు అర్థమైంది. వివరం ఖాళీగా ఉంటే నా ప్రోగ్రాము ఆ డబ్బాను ముట్టుకోకుండా దాటి పోతోంది. ముందు అమ్మాయిది అందులో అలాగే మిగిలిపోతోంది. ప్రతి అమ్మాయికీ ముందుగా డబ్బాలన్నీ కడిగేసే వరుస ఒకటి రాయాలి. అలా చేయాలని తట్టడానికి నాలుగు రోజులు పట్టింది, రాయడానికి నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు రోజులూ షాకిరా పొద్దున రాగానే అడిగేది. "మీ వనమాల బాగున్నదా? చాయ్ తాగిందా?"

తరువాత జరిగిన తప్పు నాదే. చివరి అచ్చుకు ముందు వనమాలను తీసేయాలి. ఆ రోజు రెండుసార్లు కరెంటు పోయింది. ఉత్తరాలు మూడు విడతలుగా అచ్చయ్యాయి. శిక్షణ కేంద్రం ప్యూను వాకిట్లో కూర్చుని "ఇంకెంతసేపు అమ్మా" అంటున్నాడు. షాకిరా మడతపెట్టి, చిరునామా కనపడే కిటికీ ఉన్న కవర్లలో దోపేసింది. కవర్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ సాయంత్రం ఇంట్లో డైరీ తీసి "పని అయిపోయింది" అని రాసి, అక్కడే ఆగిపోయాను. వనమాలను తీయలేదు.

మరునాడు షాకిరాకు చెప్పాను. సార్‌కు చెప్పే ధైర్యం రాలేదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు.

"లేని మనిషికి పోయిన ఉత్తరం యాడికి పోతది?" అంది షాకిరా. "తిరిగి వాళ్లకే వస్తది. ప్యూన్‌కు చెప్పి నేను తెప్పిస్త. ఫికర్ చెయ్యకు."

పదిరోజులు ఎదురుచూశాం. తప్పు చిరునామాలని నాలుగు కవర్లు తిరిగొచ్చాయి. వనమాలది రాలేదు.

ఇంటర్వ్యూలు మూడు రోజులు. వచ్చినవాళ్ల పేర్ల ఎదురుగా గుర్తు పెట్టడానికి మా సెంటర్ నుంచి ఒకరిని పంపమన్నారు. "దీన్ని పంపుండ్రి సార్, నాలుగు మాటలు నేర్చుకుంటది" అని షాకిరా నన్ను ముందుకు తోసింది. జాబితా తీసుకుని వెళ్లాను. అది వనమాలను పెట్టకముందే అచ్చేసిన జాబితా.

శిక్షణ కేంద్రంలో పొడుగాటి వరండా. బయట వాన. గోడల వెంట గొడుగులు నీళ్లు కారుతున్నాయి. బల్ల వెనక గుమస్తా నర్సింగరావు గారు, పక్క కుర్చీలో నేను. ఆయన పేరు పిలిచి, సర్టిఫికెట్లు చూసి, మచ్చలు చూసి లోపలికి పంపేవారు. నేను టిక్కు పెట్టేదాన్ని. మొదటి రోజు, పదకొండు గంటలు దాటి ఉంటుంది. నేను తల వంచుకుని రాస్తున్నాను.

"పేరు?" అన్నారాయన.

"జినుకల వనమాల."

నేను తల ఎత్తలేదు. ఎత్తలేకపోయాను. నా వేలు జాబితా మీద ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

"లిస్టుల లేదేంది? ఏదీ కాయితం." ఆయన ఉత్తరం తీసుకున్న చప్పుడు వినిపించింది. తరువాత ఫైళ్లు తిరగేసిన చప్పుడు. "అప్లికేషన్ గూడ లేదు. సర్టిఫికెట్లు తియ్యి."

అప్పుడు చూశాను. సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉంది. లంగావోణీ అంచు మోకాళ్ల దాకా తడిసింది. పక్కన తండ్రి, భుజం మీద తువ్వాలు, చేతిలో యూరియా సంచితో కుట్టిన చేతిసంచి. నర్సింగరావు గారు ఉత్తరాన్ని, సర్టిఫికెట్లను పక్కపక్కన పెట్టి వేలుపెట్టి చదువుకుంటూ పోయారు. తండ్రి పేరు ఓదెలు. పుట్టిన తేదీ సరిపోయింది. మార్కులు మూడువందల అరవై ఏడు, సరిపోయింది.

"ఎడమ కనుబొమ్మ మీద గాటు. జర ఇటు వెలుగుకు రా అమ్మా."

ఆ అమ్మాయి నుదుటి మీది తడి వెంట్రుకలు వెనక్కి తోసింది. ఎడమ కనుబొమ్మ నడిమధ్యలో తెగి, తెల్లటి గీత ఉంది. చెప్పకముందే చేతిని తిప్పి మోచేయి చూపించింది. అక్కడ మచ్చ ఉంది.

"మనిషి కరెక్టు. సర్టిఫికెట్లు కరెక్టు. ఉత్తరం కరెక్టు" అన్నారాయన. "అప్లికేషనే లేదు. పెట్టకుంటనే ఇదెట్ల వచ్చింది? ఎక్కడ కొట్టిచ్చిండ్రు?"

"పోస్టుల వచ్చింది సారూ" అన్నాడు తండ్రి. "మేం అడగలే. పిలిత్తె వచ్చినం."

"అడగకుంట పిలుస్తరా పెద్దమనిషీ? ఇదేమన్న లగ్గం పిలుపా?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఒకావిడ వెనకనుంచి "ఎంతకు కొట్టిచ్చిండో ఏమో" అంది. నర్సింగరావు గారు చెడ్డమనిషి కాదు. కానీ వాన, జనం, పొద్దుటినుంచి మాట్లాడి మాట్లాడి నొప్పి పుట్టిన గొంతు. "దొంగ కాయితమైతె పోలీసుల దాక పోతది, తెలుసా" అన్నారు.

ఓదెలు తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. వనమాల సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తీసుకుని, తడి తగలకుండా పాలిథిన్ కవరులో పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు లేవు. "పోదాం పా బాపూ" అంది. అలవాటైన మాట అన్నట్టు అంది.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది.

"ఆ ఉత్తరం దొంగది కాదు సార్. మాదే. నేనే కొట్టిన."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నర్సింగరావు గారు కళ్లజోడు తీసి నా వంక చూశారు. పొద్దుటినుంచి పక్కన కూర్చున్నా నేను మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు. చెప్పాను. పరీక్ష కోసం పెట్టిన పేరు అని, తీసేయడం మరిచిపోయానని, ఆ పేరుతో మనిషి ఉందని తెలియదని. ఎంత తక్కువ మాటల్లో చెబుదామన్నా అది అబద్ధంలాగే వినిపించింది.

"అంటె బిడ్డా" అన్నారాయన నెమ్మదిగా, "నువ్వు లేని మనిషికి ఉత్తరం రాస్తె, ఉన్న మనిషి వచ్చిందంటవా?"

"అవును సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

గొడవ విని సూపరింటెండెంటు మేడం బయటికి వచ్చారు. నెరిసిన జుట్టు, తెల్లచీర. అంతా విన్నారు. ఉత్తరం తీసుకుని చూశారు, అమ్మాయిని చూశారు, నన్ను చూశారు. నన్నే ఎక్కువసేపు చూశారు.

"తప్పు కంప్యూటరోళ్లది, ఈ పిల్లది కాదు" అన్నారు. "కానీ దరఖాస్తు పెట్టుకున్నోళ్లను నిలబెట్టి ఈమెను లోపలికి పంపలేను. మూడో రోజు సీట్లు మిగిల్తె అక్కడికక్కడ దరఖాస్తు తీసుకుంటం. ప్రతి ఏడు చేసేదే. మార్కులను బట్టి ఇస్తం. అందాక ఉంటరా?"

ఓదెలు కూతురి వంక చూశాడు. "ఈడ మాకెవలున్నరమ్మా? యాడుంటం?"

"మా ఇంట్ల ఉంటరు" అన్నాను.

ఒక్కరోజులో రెండుసార్లు అడగకుండా మాట్లాడాను.

మా అమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది. నన్ను పక్కకు పిలిచి "ఎవలు బిడ్డా వీళ్లు?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "తెలిసినోళ్లే" అన్నాను. ఆలోచిస్తే అది అబద్ధం కాదు. అమ్మ బియ్యం ఇంకో రెండు గిద్దెలు ఎక్కువ పోసి, "పిల్ల తడిసింది, నీ లంగావోణీ ఒకటి తీసియ్యి" అంది.

ఆ సాయంత్రం వనమాల, నేను వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాం. నేను అడగలేకపోతున్నది తనే చెప్పింది. ఆమెను ఇంట్లో సమ్మక్క అంటారు. వనమాల అనే పేరు బడిలో చేర్పించిన రోజు అక్కడి సార్ రాసుకున్నది. ఊళ్లో ఆ పేరు తెలిసినవాళ్లు నలుగురు కూడా ఉండరు. పోస్టుమాన్ వచ్చి "వనమాల ఎవలు" అంటే, ఓదెలు "మా ఇంట్ల అసొంటోళ్లు లేరు" అని ఉత్తరం తిరిగి ఇచ్చేయబోయాడట. అప్పుడే ఆమె నాట్లకు పోయి బురద కాళ్లతో ఇంటికొచ్చింది.

"ఇగ చదువు చాలన్నడు బాపు. రెండు నెల్ల సంది కూలికి పోతాన. నర్సు చదువు ఉంటదని గూడ నాకు తెల్వదక్కా" అంది. "సర్కారు పిలిచిందని పంపిండు. నేను అడుగుతె పంపేటోడు గాదు."

"మరి సీటు రాకపోతె?"

"ఇంకోసారి పంపడు." చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. "నవ్వులపాలైనం అంటడు. గంతే."

లోపలికి వెళ్లి డైరీ తెచ్చి ఆ పేజీ తీసి ఇచ్చాను. నా డైరీ ఇంకొకరి చేతుల్లో పెట్టడం అప్పటిదాకా జరగలేదు. నెమ్మదిగా చదివింది. పువ్వుల మాట దగ్గర కొంచెం నవ్వింది. తరువాత పైన రాసిన తేదీ మీద వేలు పెట్టింది.

"ఈ తారీఖు నిజమేనా అక్కా?"

"నిజమే."

"అప్పటికి మా బడికి మెమోలు రాలే. పాసైన్నని తెలుసు గని ఎన్ని మార్కులో తెల్వదు. ఇంకా పదిహేను దినాలకు వచ్చినయ్." నా మొహంలోకి చూసింది. "ఇది నాకే తెల్వనప్పుడు నువ్వెట్ల రాసినవ్?"

డైరీ ఆమె చేతిలోంచి తీసుకుని మూశాను. ఆమె చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుంది.

మరునాడు పొద్దున్నే సార్‌కు అంతా చెప్పాను, మరిచిపోయిన సంగతితో సహా. తిట్లకు సిద్ధపడే వెళ్లాను. ఆయన తిట్టలేదు. ఫ్లాపీ పెట్టి వనమాల వివరాలు తెరమీదికి తెచ్చారు. పాత పరీక్ష కాగితాలు చెత్తలోంచి తీయించారు. మొదటి కాగితంలోనూ అవే వివరాలు. ఎవరూ మధ్యలో మార్చలేదు. దరఖాస్తు ఎక్కడైనా ఉండి పోయిందేమోనని శిక్షణ కేంద్రానికి ఫోన్ చేశారు. లేదు.

"యాడనో చూసి మర్చిపోయినవ్" అన్నారు.

నేనూ అదే అనుకోవాలని ముందురోజు రాత్రంతా ప్రయత్నించాను. ఎక్కడ చూసి ఉంటాను? పేపరులో పదో తరగతి ఫలితాలకు నంబర్లే వేస్తారు, పేర్లు వేయరు. రామప్పకు వెళ్లింది నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు. అప్పుడు కనుబొమ్మ తెగిన చిన్నపిల్లను చూసి ఉండొచ్చు. దారిలో ఎవరో ఓదెలూ అని పిలిచి ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఇంకా రాని మార్కులను ఎక్కడ చూస్తాను? పుట్టిన తేదీని ఏ దారిలో వింటాను?

సార్ ఒక కాగితం మీద ఏవో లెక్కలు వేశారు. ఇలాంటిది యాదృచ్ఛికంగా జరగడానికి ఎంత అవకాశమో చూద్దామని. పేరుకు ఇంత, తండ్రి పేరుకు ఇంత, తేదీకి ఇంత అని గుణించుకుంటూ పోయి, మార్కుల దగ్గర పెన్ను మూత పెట్టేశారు.

"దీనికి నేను ఏమీ చెప్పలేను" అన్నారు. "కానీ ఇంకోసారి పరీక్ష రికార్డు తియ్యకుంట అచ్చేస్తె మాత్రం నీ ఉద్యోగం పోతది. అది చెప్పగలను."

షాకిరా సంగతి వేరు. విన్నాక తన పాత ఫ్లాపీలన్నీ తీసి, అందులోని హీరోయిన్లను ఒక్కొక్కరినే తుడిచేసింది.

మూడో రోజు వాన తెరిపి ఇచ్చింది. ఎంపికైనవాళ్లలో కొందరు హాస్టల్లో ఉండలేమని వెనక్కి తగ్గారు. నాలుగు సీట్లు మిగిలాయి. వాటికోసం వరండాలో పదకొండు మంది. వనమాల తెల్లకాగితం మీద దరఖాస్తు రాసింది. గుర్తుల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఉత్తరంలో ఉన్న మాటలే చూసి రాసింది.

మేడం ఒక్కొక్కరినీ పిలిచి ఒకటి రెండు ప్రశ్నలు అడిగారు. తలుపు తెరిచే ఉంది. మాకు వినిపించింది.

"రక్తం చూస్తె భయమా?"

"ఇది తెగినప్పుడు చూసిన మేడం. ఇంట్ల ఎవలు లేరు. పాత గుడ్డ నేనే అదిమి పట్టుకున్న."

"ఎన్నేండ్లు అప్పుడు?"

"ఆరు."

మధ్యాహ్నం నర్సింగరావు గారు కాగితం పట్టుకుని బయటికి వచ్చారు. మొదటి పేరు చదివారు. రెండో పేరు, మూడో పేరు. ఓదెలు గోడకు ఆనుకుని నేలను చూస్తున్నాడు. నేను అప్పటికే ఇంటికి వెళ్లాక అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"జినుకల వనమాల" అన్నారు నర్సింగరావు గారు. ఆగి, నా వైపు చూసి, "ఉన్నదా?" అన్నారు.

"ఉన్న సార్" అంది వనమాల.

ఇది జరిగి కొన్నేళ్లయింది. వనమాల చదువు పూర్తయి ఇప్పుడు ఏటూరునాగారం వైపు ఒక చిన్న దవాఖానలో పనిచేస్తోంది. వాగులు పొంగితే నడిచి ఊళ్లకు పోతుంది. రెండు నెలలకోసారి ఉత్తరం రాస్తుంది. అందులో కాన్పుల సంగతులు, పాము కాట్ల సంగతులు ఉంటాయి. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తుకోం. నేను ఇప్పటికీ ప్రోగ్రాములు రాస్తున్నాను, తప్పులు వెతుకుతున్నాను. ఎన్ని వందల తప్పులకు కారణం దొరికిందో లెక్కలేదు. ఎవరూ పోయని నా తలలోని డబ్బాలోకి ఆ పేరు, ఆ తేదీ, ఆ మార్కులు ఎలా వచ్చాయో ఆ ఒక్కటి దొరకలేదు. ఇప్పుడు వెతకడం మానేశాను. చదివిన మీకు ఏదైనా తోస్తే మంచిదే. నాకు తోచలేదు.

ఆ మూడో రోజు సాయంత్రం ఓదెలును బస్సెక్కించడానికి వెళ్లాను. కూతురు హాస్టల్లో ఉండిపోయింది. ములుగు బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, సంచి సర్దుకున్నాడు. తరువాత కిటికీ చువ్వల దగ్గరికి మొహం పెట్టి, పక్కసీటు వాళ్లు వినకుండా గొంతు తగ్గించాడు.

"బిడ్డా, మా చిన్నది తొమ్మిదిల ఉన్నది. అది గూడ మంచిగనే చదువుతది. దాని పేరు గూడ జర రాసుకో."

"అట్ల రాస్తె రాదు కాకా" అన్నాను. "అప్లికేషన్ పెట్టాలె. టైముకు నేనే పంపిస్త."

"పెట్టుదాం తియ్యి. అయిన రాసుకో."

నా దగ్గర జాబితా కాగితం ఉంది. వెనక్కి తిప్పి పెన్ను తీశాను. ఆయన పేరు చెప్పాడు, పుట్టిన ఏడు చెప్పాడు, మెడ మీద మచ్చ ఉందని చెప్పాడు. ఒక్కొక్కటే రాసుకున్నాను. బస్సు స్టార్టయింది. సరిగ్గా రాశానో లేదో అని ఒకసారి పైకి చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు.

ఈ పేరు నాకు చెప్పింది ఎవరో నాకు తెలుసు.